ఉలిపికట్టె సలహాలు: పిల్లల మెరిట్‌ను తూచే పెద్దలకు

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. ఈ సలహాలు చదివాక మీరు నన్ను ఆ మాటే అనొచ్చు. మా ఇంట్లోవాళ్లు, నాతో పనిచేసిన లెక్చరర్లు ఇప్పటికే అన్నారు. "తల్లిదండ్రులకు ఇలాంటివి చెప్పకండి సార్, పిల్లలు చెడిపోతారు" అని ఒక ప్రిన్సిపాల్ నా చేతులు పట్టుకుని బతిమాలాడు. అయినా రాస్తున్నాను. ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు ఇరవై ఆరేళ్లు ఫిజిక్స్ చెప్పాను. ఏటా ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్లి వేల పేపర్లు దిద్దాను. మెరిట్‌ను ఎంత మోటుగా కొలుస్తామో, ఆ కొలతను బట్టి ఎంత పెద్ద బహుమతులు, ఎంత పెద్ద శిక్షలు వేస్తామో దగ్గర నుంచి చూశాను.

నా మాట ఒక్కటే. ర్యాంకు ఒక పూట లెక్క. మెరిట్ అంటే మనిషి నడిచి వచ్చిన దూరం, నేర్చిన పనిలో నిజాయితీ. పరీక్షలు రద్దు చేయమని నేను అనను. సీట్లు వందా అడిగేవాళ్లు వెయ్యిమందీ ఉన్నప్పుడు ఏదో ఒక వరస ఉండాల్సిందే. ఆ వరసను సీట్లు పంచే ఆఫీసులకే వదిలేయండి. దాన్ని ఇంట్లోకి, వంటింట్లోకి, పెళ్లి పందిట్లోకి మోసుకురాకండి. ఎలాగో కింద వరసగా చెబుతాను.

1. ఫలితాల రోజు ర్యాంకు అడగకండి

మే నెలలో మన ఊళ్లలో పలకరింపు "ఎంతొచ్చింది?" అనే. వచ్చిన పిల్లకు మంచినీళ్లు ఇవ్వకముందే అడుగుతాం. ఇకమీదట అడగకండి. బంధువుల పిల్లల్నే కాదు, కన్నపిల్లల్ని కూడా. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునేటప్పుడు ఆ అంకె ఎలాగూ కావాలి. అప్పుడు చూసుకోవచ్చు.

అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. ఎంసెట్ అని మనం ఇప్పటికీ పిలుచుకునే ఎప్‌సెట్ ఇంజనీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలుంటాయి. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. టైము మూడు గంటలు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు కాబట్టి తెలియని ప్రశ్నలకు కూడా పిల్లలు ఏదో ఒక ఆప్షన్ నొక్కి వస్తారు. నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు ఇరవై గుడ్డిగా నొక్కితే సగటున ఐదు తగులుతాయి. ఒకరికి రెండే తగలొచ్చు, ఇంకొకరికి తొమ్మిది తగలొచ్చు. ఆ ఏడు మార్కుల సందులో వేలమంది పిల్లలు నిలబడి ఉంటారు. పైగా అందరూ ఒకే పేపర్ రాయరు. పూటకో పేపర్ పెట్టి, వాటి మధ్య తేడాను నార్మలైజేషన్‌తో సరిచేస్తారు. అప్పటికీ ఇద్దరికి సమానంగా వస్తే లెక్కల మార్కులు చూస్తారు, తర్వాత ఫిజిక్స్ మార్కులు, అప్పటికీ తేలకపోతే పుట్టిన తేదీ. వయసులో పెద్దవారికి ముందు ర్యాంకు ఇస్తారు. పుట్టినరోజు ముందుండటం ఎవరి ప్రతిభ?

ఇంకొకటి. మా ఖమ్మం నుంచి కాస్త దూరం వెళ్తే ఆంధ్రప్రదేశ్ వచ్చేస్తుంది. అక్కడ ఎప్‌సెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో ఆ వెయిటేజీని 2023లో పూర్తిగా ఎత్తేశారు. అదే పిల్ల, అదే చదువు, అవే జవాబులు. సరిహద్దుకు అటు ఒక లెక్క, ఇటు ఒక లెక్క. జీవో మారితే మారిపోయే అంకెను పిల్ల విలువ అనుకోవడం పెద్దలకు తగదు.

ఏదో ఒకటి అడగకుండా ఉండలేకపోతే ఇలా అడగండి: "ఈ రెండేళ్లలో నీకు బాగా అర్థమైన పాఠం ఏది? నాకూ చెప్పు." ఆ జవాబు వింటే మీ పిల్ల ఏమిటో మీకు తెలుస్తుంది.

2. మెమో మీది మార్కును మొదటి రోజే నమ్మకండి

స్పాట్ వాల్యుయేషన్ హాలు మీరు చూసి ఉండరు. ఏప్రిల్ ఎండ, నెత్తిన ఫ్యాన్, బల్ల మీద తాడుతో కట్టిన బండిల్. రోజుకు ముప్పై పేపర్లు దిద్దాలి. ఫిజిక్స్ పేపర్ 60 మార్కులది. రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు. చేతిలో 'కీ' ఉంటుంది. పటానికి ఇన్ని, నియమానికి ఇన్ని, ఉత్పాదనకు ఇన్ని అని.

ఒక సాయంత్రం ఇరవై ఎనిమిదో పేపర్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి ప్రశ్నకు జవాబు కనిపించింది. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు కిర్కాఫ్ నియమాలు రాసి, సమీకరణాలు వేసి సాధించలేదు. గాల్వనామీటర్‌లో కరెంటు లేదంటే రెండు దారులూ వేరువేరుగా పోతున్నట్టే, ఒకే వోల్టేజీని రెండూ ఒకే నిష్పత్తిలో పంచుకుంటున్నట్టే అని నాలుగు వాక్యాల్లో రాసి నిబంధన తేల్చేశారు. పటం వంకరగా ఉంది, చేతిరాత అధ్వానం. కీతో పోల్చి చూసి ఎనిమిదికి మూడు వేశాను. రాత్రి అన్నం తింటుంటే తట్టింది, ఆ జవాబు పూర్తిగా సరైనదని. కిర్కాఫ్ నియమాలు బట్టీ పట్టినవాళ్ల కన్నా ఆ పిల్లకో పిల్లాడికో బ్రిడ్జి నిజంగా అర్థమైందని. తెల్లారి ముందుగానే వెళ్లి చీఫ్ ఎగ్జామినర్‌ను అడిగాను. బండిల్ అప్పటికే వెళ్లిపోయింది. ఆ ఐదు మార్కులు ఎవరివో నాకు తెలియదు. వాళ్లను క్షమాపణ అడిగే దారి కూడా నాకు లేదు.

నాది ఒక మనిషి తప్పు. వ్యవస్థ తప్పు చేస్తే ఏమవుతుందో 2019 ఏప్రిల్‌లో తెలంగాణ అంతా చూసింది. ఇంటర్ ఫలితాల్లో తెలుగులో సున్నా పడిన ఒక అమ్మాయి పేపర్‌ను మళ్లీ చూస్తే 99 మార్కులున్నాయి. ఫెయిలైనవాళ్లందరి పేపర్లనూ ఉచితంగా తిరిగి పరిశీలిస్తే వెయ్యిమందికి పైగా పాసయ్యారు. ఆ పరిశీలన పూర్తయ్యేలోపు ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

అందుకే మెమో చేతికి రాగానే పిల్లను నిలదీయకండి. అనుమానముంటే రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు గడువులోపే దరఖాస్తు పెట్టండి. జవాబుపత్రం స్కాన్ కాపీ తెప్పించుకుని పిల్లతో కలిసి కూర్చుని చదవండి. మార్కు పెరగకపోయినా పరవాలేదు. "నా మాట కన్నా ఆ కాగితాన్ని ఎక్కువ నమ్మలేదు మావాళ్లు" అన్న ధైర్యం పిల్లకు జీవితాంతం ఉంటుంది.

3. ఫ్లెక్సీ కట్టకండి, ఫోటో ఇవ్వకండి

మంచి ర్యాంకు వస్తే కాలేజీ వాళ్లు ఇంటికొస్తారు. శాలువా, స్వీటు డబ్బా, ఫోటో. రెండు రోజుల్లో సెంటర్‌లో మీ పిల్ల ముఖంతో ఫ్లెక్సీ లేస్తుంది. తండ్రిగా ఛాతీ ఉప్పొంగే రోజే అది. అయినా వద్దనండి.

పత్రికల్లో, టీవీల్లో "ఒకటి, ఒకటి, రెండు, మూడు" అని వచ్చే ప్రకటనలు చూడండి. అక్కడ లవం మాత్రమే ఉంది, హారం లేదు. ఆ బ్రాంచీల నుంచి ఎంతమంది రాశారు, ఎంతమందికి సీటు రాలేదు, ఆ ర్యాంకు పిల్ల అక్కడ రెండేళ్లు చదివిందా లేక చివరి నెలలో టెస్టులు మాత్రమే రాసిందా, ఏదీ ఉండదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటారని సామెత. వీళ్లు కాయ పేరు చెప్పి చెట్టునే అమ్ముతున్నారు. ఆ కాయ మీ పిల్ల. ఆ ఫ్లెక్సీ చూసి భూమి తాకట్టు పెట్టి ఫీజు కట్టేది మీలాంటి మరో తండ్రి.

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలపై మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన తర్వాత అభ్యర్థి రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప పేరు, ఫోటో వాడకూడదు. ఏ కోర్సు, ఎన్నాళ్లు చదివారో ప్రకటనలో చెప్పాలి. కాబట్టి ఆ సంతకం మీ చేతిలోనే ఉంది. పెట్టకండి. మీ ఒక్క సంతకం ఆగితే ఒక ఫ్లెక్సీ ఆగుతుంది. ఆ ఫ్లెక్సీ కింద నుంచి రోజూ నడిచి వెళ్లే తక్కువ మార్కుల పిల్లకు ఆ దారి కొంచెం సుఖంగా ఉంటుంది.

4. స్టార్ బ్యాచ్‌లో సీటొస్తే వద్దనండి

ఈ సలహాకే నన్ను ఎక్కువమంది తిట్టారు. అయినా లోపల పనిచేసినవాడిగా చెబుతున్నాను.

నేను పనిచేసిన ఒక చోట ఇలా ఉండేది. చేరిన రెండు నెలలకు టెస్టులు పెట్టి సెక్షన్లు విడదీస్తారు. పై సెక్షన్‌కు, అంటే స్టార్ బ్యాచ్‌కు, సీనియర్ లెక్చరర్లు, విడిగా స్టడీ అవర్లు, డౌట్లకు ప్రత్యేకంగా మనుషులు. కింది సెక్షన్‌కు అప్పుడే పీజీ ముగించి వచ్చిన కుర్ర లెక్చరర్, మధ్యలో మానేస్తే వారం రోజులు ఎవరూ ఉండరు. పై సెక్షన్‌లో చాలామందికి ఫీజు రాయితీ. కింది సెక్షన్‌లో ఫుల్ ఫీజు. అంటే చివరి బెంచీ పిల్లల తండ్రులు కట్టిన డబ్బుతో మొదటి బెంచీ పిల్లలకు పాఠం నడిచేది. రెండేళ్ల తర్వాత ఫలితాలు చూసి "చూశారా, మెరిట్ ఉన్నవాళ్లకే వచ్చింది" అనేవాళ్లం. మొక్కల్లో సగానికే నీళ్లు పోసి, మిగతావి ఎండితే అవి జాతి మొక్కలు కావన్నట్టు.

రిటైరయ్యే ముందు రెండేళ్లు పట్టుబట్టి చివరి సెక్షన్ తీసుకున్నాను. మొదటి వారం క్లాసు అయ్యాక ఒక కుర్రాడు లేచి, "సార్, మా సెక్షన్ వాళ్లు కూడా స్టాఫ్‌రూమ్‌కొచ్చి డౌట్లు అడగొచ్చా?" అన్నాడు. రెండు నెలల్లో ఆ పిల్లలకు ఎవరూ నోటితో చెప్పకుండానే తమ స్థానం ఏమిటో నేర్పేశాం.

కాలేజీ ఎంచుకునేటప్పుడు ర్యాంకులు అడగకండి. "మీ దగ్గర చివరి సెక్షన్‌కు ఫిజిక్స్ ఎవరు చెబుతారు?" అని అడగండి. మంచి లెక్చరర్ పేరు చెప్పిన కాలేజీలో చేర్చండి. మీ పిల్ల తెలివైనదైతే సాధారణ సెక్షన్‌లో కూర్చుని పక్కవాళ్లకు చెబుతూ నేర్చుకుంటుంది. వివరించి చెప్పగలిగిన పాఠమే నిజంగా వచ్చిన పాఠం.

5. మీ పిల్ల ర్యాంకులో మీ వాటా ఎంతో కాగితం మీద రాయండి

ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని రాయండి. నేను రాశాను. మా అమ్మాయికి మంచి ర్యాంకు వచ్చిన ఏడాది ఇంట్లో ఏమేం ఉన్నాయో ఇదీ జాబితా: చదువుకోవడానికి విడిగా ఒక గది. నాన్న ఫిజిక్స్ లెక్చరర్. నాన్న స్నేహితుడు లెక్కలు చెప్పేవాడు, పైసా తీసుకోకుండా ఇంటికొచ్చి చెప్పాడు. అమ్మ వేళకు అన్నం పెట్టింది, రాత్రి పదకొండింటికి పాలు ఇచ్చింది. రెండేళ్లలో ఒక్కరోజు కూడా ఇంటి పని చెప్పలేదు.

అదే ఏడాది నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. మా జిల్లా మిర్చి పంటకు పేరు. ఫిబ్రవరి, మార్చి నెలలు మిర్చి ఏరే రోజులు, ఇంటర్ పరీక్షలూ అప్పుడే. ఆదివారాలు తల్లితో పాటు చేలోకి వెళ్లేది. సోమవారం పెన్ను పట్టుకుంటే వేళ్లు మండుతున్నాయని అరచేతులు చల్లటి గచ్చుకు ఆనించి కూర్చునేది. ఆ పిల్ల ర్యాంకు మా అమ్మాయి ర్యాంకు కన్నా వేలల్లో వెనక ఉంది. ఎవరు ఎక్కువ దూరం నడిచారో చెప్పడానికి నాకు ఏ నార్మలైజేషనూ అక్కర్లేదు.

ప్రతిభను బట్టే పదవులు దక్కే సమాజానికి ఇంగ్లీషులో ఉన్న 'మెరిటోక్రసీ' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది 1958లో, బ్రిటన్ సామాజికవేత్త మైకేల్ యంగ్ పుస్తకంతో. ఆయన దాన్ని ఆదర్శంగా రాయలేదు, హెచ్చరికగా రాశాడు. గెలిచినవాళ్లు తమ గెలుపంతా సొంత ప్రతిభేనని నమ్మితే ఓడినవాళ్లను మనుషులుగా చూడటం మానేస్తారని ఆయన భయం. తర్వాత రాజకీయ నాయకులు దాన్ని మంచిమాటగా వాడుతుంటే 2001లో బాధపడుతూ వ్యాసం రాశాడు.

మీ జాబితా రాశాక పిల్లకు చూపించండి. చిన్నబుచ్చడానికి కాదు. "నీ కష్టం నీదే, దాని కింద ఇంతమంది భుజాలున్నాయి" అని తెలియడానికి. ఆ జాబితా చదివిన పిల్ల తర్వాత ఎవర్నీ తేలిగ్గా చూడదు.

6. "కోటా సీటు" అనే మాటను ఇంట్లో నిషేధించండి

భోజనాల దగ్గర ఈ మాట దొర్లుతుంది. "వాడికేముంది, కోటాలో వచ్చింది." పిల్లలు వింటారు. హాస్టల్ గదిలో పక్క మంచం మీది పిల్లాణ్ని అదే చూపు చూస్తారు. రిజర్వేషన్ల మీద ఎవరి అభిప్రాయం వాళ్లకుండొచ్చు. లెక్క మాత్రం సరిగ్గా చెప్పుకుందాం.

కోటాలు ఎన్ని రకాలో ఒకసారి చూడండి. మన రాష్ట్రాల్లో 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వందలో 85 సీట్లు స్థానికులకు. అది కోటానే. మీరూ నేనూ దానివల్ల లాభపడ్డాం. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో వందకు 70 కన్వీనర్ కోటా, 30 యాజమాన్య కోటా. ఆ ముప్పైలో ఎక్కువ ఫీజు కట్టి వెనక ర్యాంకుతో చేరినవాణ్ని "డబ్బు సీటువాడు" అని క్యాంపస్‌లో ఎవరూ వేలెత్తి చూపరు. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో ఆర్థికంగా వెనకబడినవారికి 10 శాతం వచ్చింది. ఇన్ని కోటాలుండగా ఒక్క కులాల కోటా పిల్లల్నే ర్యాంకు అడిగి నిలదీస్తున్నామంటే, మన బాధ మెరిట్ గురించి కాదని ఒప్పుకోవాలి.

నీట్ ఆలిండియా కోటాలో ఓబీసీ రిజర్వేషన్‌పై 2022 జనవరిలో తీర్పిస్తూ సుప్రీంకోర్టు ఈ విషయం సూటిగా చెప్పింది. పోటీ పరీక్షలో చూపిన ప్రతిభ ఒక్కటే మెరిట్ కాదని, ఆ పరీక్ష దాకా రావడానికి కుటుంబం, సమాజం, డబ్బు, పాత చదువులు ఇచ్చిన బలాన్ని మార్కులు చూపించవని అంది. మెరిట్‌కు రిజర్వేషన్ విరోధి కాదని కూడా అంది.

కోర్టు మాట పక్కన పెట్టినా నా అనుభవం చాలు. ఇంట్లో ఎవరూ బడి మెట్లెక్కని పిల్ల, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందో తెలియక హాల్‌టికెట్ కోసం కిటికీ దగ్గర నిలబడ్డ పిల్ల, నా క్లాసులో పరీక్ష రాసి పాసైతే అది నా కెరీర్‌లో నేను చూసిన పెద్ద మెరిట్. ఈ మాటను మీ పిల్లల ముందు అనండి.

7. ఫెయిలైనవాడు పనిచేసే చోటికి పిల్లల్ని తీసుకెళ్లండి

ఫిజిక్స్‌లో రెండుసార్లు తప్పిన నా శిష్యుడొకడు ఊరి బయట మోటారు వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం వాడికి నేనే చెప్పాను. ఫారడే నియమం నిర్వచనం రాయమంటే ఖాళీ వదిలి వెళ్లాడు.

మా పొలం మోటారు కాలిపోతే వాడి దగ్గరకు తీసుకెళ్లాను. మూత విప్పి ఒక్క నిమిషం లోపలికి చూశాడు. "సార్, ఇక్కడ చూడండి. రెండు ఫేజుల కాయిళ్లు నల్లగా మాడినయి. మూడోది కొత్తదాని లెక్క ఉంది. ఒక ఫేజు పోయినా మోటారు తిరిగింది. వైండింగ్ చేసిస్తా గాని, ముందు స్టార్టర్ చూపించుకోండి, లేకుంటే మళ్లీ కాలుద్ది" అన్నాడు. పాత తీగ కోసేముందు చుట్లు లెక్కపెట్టి నూనె మరకల నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. తీగ గేజి కొలిచాడు. స్లాట్లలో కాగితం దూర్చి, కొత్త కాయిళ్లు కూర్చి, వార్నిష్ పట్టించి ఎండబెట్టాడు. ఆ నోట్‌బుక్ తిరగేసి చూశాను. ఏళ్ల తరబడి ఏ మోటారు ఎందుకు కాలిందో అందులో ఉంది. అది ఒక ప్రయోగశాల రికార్డు. నేను దిద్దిన ఏ ప్రాక్టికల్ రికార్డూ అంత నిజాయితీగా లేదు.

వాడికి మెరిట్ లేదని సర్టిఫికెట్ ఇచ్చింది మేమే. మేం అడిగిన ప్రశ్న తప్పు. నిర్వచనం అడిగాం, కాలిన మోటారు ముందు పెట్టలేదు.

సరైన చోట పెట్టి చూస్తే ఏం బయటపడుతుందో మనకు తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని. భువనగిరి కొండ మీద శిక్షణలో ఆమె సత్తా తేలింది. 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్ల లేదు. ఆమెను కొండ దగ్గరికి తీసుకెళ్లి చూశారు కాబట్టి తెలిసింది. ఏ కొండ దగ్గరికీ తీసుకెళ్లక మనం పోగొట్టుకున్న పిల్లలు ఎంతమందో లెక్క లేదు.

8. పనివ్వాల్సి వస్తే కాలేజీ పేరు మడిచి పెట్టండి

ఆస్పత్రి, షాపు, ఆఫీసు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఏది నడుపుతున్నా ఈ సలహా మీకే. బయోడేటాలో కాలేజీ పేరు, ర్యాంకు ఉన్న భాగాన్ని మడిచి పెట్టండి. సగం రోజు పని ఇచ్చి జీతమివ్వండి. అకౌంటెంట్ కావాలంటే మీ పాత బిల్లులు నెల రోజులవి ఇచ్చి సరిచూడమనండి. టీచర్ కావాలంటే చివరి బెంచీ పిల్లాడికి ఒక పాఠం చెప్పమనండి. మనిషి పక్కన కూర్చుని గమనించండి. తెలియనిది "తెలియదు" అంటున్నారా? తప్పు దొరికితే దాస్తున్నారా, చెబుతున్నారా? పదిహేడేళ్ల వయసులో ఒక పూట వచ్చిన ర్యాంకు ముప్పై ఏళ్లప్పుడు కూడా కూడు పెడుతోందంటే, మధ్యలో పదమూడేళ్లు వాళ్లేం చేశారో మనం అడగలేదన్నమాట.

9. మొదటి బహుమతి మొదటివాళ్లకు ఇవ్వకండి

ఇది బడులు నడిపేవాళ్లకు. వార్షికోత్సవంలో ఫస్టొచ్చినవాళ్లకు ఫస్టు రావడమే బహుమతి. స్టేజీ మీద కప్పు మాత్రం ఏడాదిలో ఎక్కువ దూరం నడిచిన పిల్లకు ఇవ్వండి. జూన్‌లో ఇరవై, మార్చిలో యాభై వచ్చిన పిల్లకు. తమ్ముణ్ని చూసుకుంటూ ఒక్కరోజు కూడా బడి మానని పిల్లకు. పక్కవాడికి అర్థమయ్యేదాకా విసుక్కోకుండా చెప్పిన పిల్లకు. ఎందుకిస్తున్నారో మైకులో వివరంగా చెప్పండి. ఆ రోజు కింద కూర్చున్న తల్లిదండ్రుల్లో కొందరు తమ పిల్లల వైపు మొదటిసారి సరిగ్గా చూస్తారు.

10. స్వీట్లు ఫలితాలకు ముందురోజే పంచండి

చివరి సలహా, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఫలితాలు వచ్చే ముందురోజు సాయంత్రం పిల్లకు ఇష్టమైనవి వండండి. మిఠాయి తెచ్చి ఇరుగుపొరుగుకు పంచండి. "రేపు కదా ఫలితాలు, ఇప్పుడే ఎందుకు?" అని అడుగుతారు. "రెండేళ్లు కష్టపడింది, అందుకు" అని చెప్పండి. పిల్లకు వినపడేలా చెప్పండి. మర్నాడు ఏ అంకె వచ్చినా ఆ మిఠాయిని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ పిల్లను ఒంటరిగా వదలకండి. మీ పక్కన పడుకోబెట్టుకోండి. మాట తగ్గించి, తిండి మానేసి మూలకు చేరితే మందలించకండి, దగ్గర కూర్చోండి. అవసరమైతే మానసిక సాయం అందించే టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళైనా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇరవై ఆరేళ్లలో నా క్లాసుల్లో కూర్చున్న పిల్లల్లో ఇద్దరు ఫలితాల వారంలో చనిపోయారు. వాళ్ల మార్కులు ఎన్నో ఇప్పుడు నాకు గుర్తు లేదు. వాళ్ల ఇళ్లలోనూ ఎవరికీ గుర్తు లేదు. ఏ బెంచీలో కూర్చునేవాళ్లో, ఎలా నవ్వేవాళ్లో మాత్రం గుర్తుంది.

ఈ పదింటిలో అన్నీ పాటించలేకపోతే చివరిదొక్కటి పాటించండి. ఈ ఏడాది ఫలితాల తేదీ ప్రకటించగానే క్యాలెండర్‌లో దాని ముందురోజుకు గుర్తు పెట్టుకోండి.